వెనకొచ్చిన కొమ్ములు

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు మన పెద్దవాళ్ళు. కొత్తకోడలు వచ్చిన నెలకే బీరువా తాళాలు చేతికిచ్చిన అత్తగారిని చూసి పెద్దకోడళ్ళు అనుకునే మాట ఇది. పడవల సంగతిలో మాత్రం ఈ సామెత అక్షరాలా జరిగింది. పడవ వెనక తగిలించుకునే మోటారు అనగానే మనకి బుడబుడమంటూ పొగ కక్కే పెట్రోలు ఇంజనే గుర్తొస్తుంది కదా? అసలు పడవకి అలా తగిలించిన మొట్టమొదటి మోటారు కరెంటుది. 1881లోనే తగిలించారు. పెట్రోలుది ఆ తర్వాత పాతికేళ్ళకి గాని జనంలోకి రాలేదు. వచ్చి, పెద్దదాన్ని గెంటేసి, నూరేళ్ళు ఏకఛత్రాధిపత్యంగా ఏలింది. ఇప్పుడు ఆ పెద్దది మళ్ళీ పుట్టింటినుంచి తిరిగొస్తోంది. తిరిగొచ్చి ఎక్కడ కూర్చుంటోందనుకున్నారు? సరిగ్గా చిన్నదాని పీటమీదే.

కథ చెప్పేముందు ఆ మోటారు ఎలా వుంటుందో చెప్పాలి. కాకినాడ రేవులోనో, యానాం గోదారి గట్టునో ఫైబరు తెప్పల వెనక వేలాడుతూ చూసే వుంటారు. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే అదొక పెద్ద కవ్వం. పైన తల, మధ్యన పొడుగాటి కాడ, అడుగున నీళ్ళు చిలికే రెక్కలు. తలలో ఇంజను తిరిగితే, కాడ లోపల నిలువుగా వున్న ఇనపకడ్డీ తిరుగుతుంది. అడుగున పళ్ళచక్రాలు రెండు వొకదాన్నొకటి కరుచుకుని ఆ నిలువు తిరుగుడుని అడ్డంగా మారుస్తాయి. రెక్కలు తిరిగి పడవ ముందుకి పోతుంది. మొత్తం కవ్వాన్ని పక్కకి తిప్పితే పడవ పక్కకి తిరుగుతుంది. పని అయ్యాక మరలు విప్పి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఇదే అవుట్‌బోర్డు మోటారు. తల, కాడ, రెక్కలు - ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. కథంతా తల మార్చడం గురించే.

పడవని కరెంటుతో నడపాలనే బుద్ధి మొదట పుట్టింది రష్యాలో. పుట్టించిన ఆయన జర్మనీవాడు, యాకోబీ అని. (గణితం చదివినవాళ్ళకి తెలిసిన యాకోబీ ఈయన తమ్ముడు.) 1838 సెప్టెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గులో, నీవా నదిలో, పన్నెండు పద్నాలుగు మందిని కూర్చోబెట్టి 28 అడుగుల పడవని బ్యాటరీతో నడిపించాడు. డబ్బు పెట్టింది జారు చక్రవర్తి మొదటి నికొలాయి. పడవ మనిషి నడకకన్నా గొప్పగా పోలేదుగాని, ఏటికి ఎదురు పోయింది. అప్పటికి ఇళ్ళలో కరెంటు దీపం లేదు. డైనమో లేదు. మళ్ళీ నింపుకునే బ్యాటరీ లేదు. మరి కరెంటు ఎక్కణ్ణించి తెచ్చాడంటారా? రాగిరేకులు, తగరపు చెల్లెలు లాంటి జింకు రేకులు ఆమ్లంలో ముంచి - అలాంటి జోడీలు వందలకొద్దీ పడవలో పేర్చాడు. జింకు కరుగుతూ వుంటే కరెంటు పుడుతూ వుంటుంది. పొయ్యిలో కట్టెలు కాలినట్టే అక్కడ జింకు కాలిపోతుందన్నమాట. మరుసటి ఏడు ఇంకాస్త గట్టి బ్యాటరీ పెట్టాడు. అందులో ప్లాటినం రేకులు, నత్రికామ్లం. పడవ ఇంకాస్త చురుగ్గా నడిచింది, ఎర్రటి ఘాటు పొగ కూడా వచ్చింది. జింకు బొగ్గుకన్నా ఎన్నో రెట్లు ఖరీదు. ప్లాటినం సంగతి అడగనే అక్కర్లేదు. వెండిగిన్నెలో వేరుశనక్కాయలు వేయించినట్టు. చక్రవర్తిగారికి కూడా అది గిట్టుబాటు కాలేదు.

నలభై ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు రంగస్థలం పారిస్. పాత్రధారి పేరు గుస్తావ్ త్రూవే. ఫ్రెంచిలో త్రూవే అంటే 'దొరికినవాడు' అనీ, 'కనిపెట్టబడినది' అనీ అర్థం. పేరు ఎవరు పెట్టారోగాని, ఆయన చేసినంత పనీ కనిపెట్టడమే.

ఈయన గురించి మనం కాస్త ఎక్కువసేపు చెప్పుకోవాలి. ఎందుకంటే ఈయన మొదట పేరు తెచ్చుకున్నది నగలతో. అవునండీ, నగలే. పశువుల వ్యాపారం చేసే తండ్రికి 1839లో పుట్టి, పారిస్ వచ్చి, గడియారాల పనితనం నేర్చుకుని, వేలెడంత బ్యాటరీ వొకటి తయారుచేశాడు. దాన్ని మగవాడి చొక్కా జేబులోనో, ఆడవాళ్ళ జడలోనో దాచిపెట్టొచ్చు. ఆ బ్యాటరీతో ఆడే పిన్నులు చేశాడు. టైపిన్ను మీద చిన్న పుర్రె - కళ్ళు తిప్పుతుంది, పళ్ళు కొరుకుతుంది. ఇంకోదానిమీద కుందేలు - డోలు వాయిస్తుంది. మెటర్నిక్ రాకుమారి తల్లో పెట్టుకోవడానికి వజ్రాల పిట్ట చేశాడు. ఆవిడ మీట నొక్కితే అది రెక్కలు టపటపలాడించేది. తర్వాత తర్వాత నాటకాల్లో నాట్యగత్తెల కిరీటాల్లో వెలిగే దీపాలు కూడా ఈయనవే. మనవైపు పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి వెనక వెలిగి ఆరే చిన్నదీపాల తోరణాలు చూసినప్పుడల్లా నాకు ఈయన గుర్తొస్తాడు.

ఆ చిన్న మోటార్లనే పెంచుకుంటూ పోయాడు. కుట్టుమిషనుకి తగిలించాడు. మూడుచక్రాల బండికి తగిలించి 1881 ఏప్రిల్లో పారిస్ వీధిలో నడిపాడు. మే 26న సీన్ నదిలో అయిదు మీటర్ల పడవకి తగిలించాడు. పడవ పేరు 'టెలిఫోన్'. (టెలిఫోను వచ్చి అప్పటికి అయిదేళ్ళే. మనవాళ్ళు సినిమా పేర్లు హోటళ్ళకి పెట్టుకున్నట్టు.) ఏటికి ఎదురుగా గంటకి మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు, వాలుకి తొమ్మిది కిలోమీటర్లు పోయింది.

వేగం సంగతి అలా వుంచండి. అసలు తమాషా ఆ మోటారు పెట్టిన చోట వుంది. మామూలుగా అయితే పడవ కడుపులో ఇంజను పెట్టి, అడుగున తొలిచి, కడ్డీ బయటికి పంపాలి. త్రూవేకి వున్న పడవ అద్దె పడవలాంటి మామూలు పడవ. దాన్ని తొలవడం ఎందుకనుకున్నాడో ఏమో, వెనక వుండే చుక్కాని తలమీద మోటారు పెట్టాడు. చుక్కాని చెక్కలోనే రెక్కలు అమర్చాడు. మధ్యన గొలుసు. మోటారు బరువు అయిదు కిలోలు. పడవ మధ్యలో వున్న బ్యాటరీలనుంచి వెనక్కి రెండు తాళ్ళు - చుక్కాని తిప్పడానికీ అవే తాళ్ళు, కరెంటు తీగలు దాచిందీ వాటిలోనే. సాయంత్రం అయ్యాక చుక్కాని ఊడదీస్తే రెక్కలు, మోటారు అన్నీ కలిసి చేతికొచ్చేవి. చూశారా, మన కవ్వం! తల, కాడ, రెక్కలు అన్నీ వున్నాయి.

త్రూవే పెళ్ళి చేసుకోలేదు. ఫ్యాక్టరీ పెట్టలేదు. వొకటి పూర్తయితే ఇంకొకటి మొదలుపెట్టేవాడు. వైద్యులు గొంతులోకి చూసే దీపం, గనుల్లో పట్టుకునే దీపం, రెక్కలాడించే బొమ్మవిమానం - ఇలా. 1902లో పనిచేసుకుంటూ చెయ్యి కోసుకుని, అది చీముపట్టి పోయాడు. ఆయన కాగితాలు దాచిపెట్టిన సొంత ఊరి టౌనుహాలు 1980లో కాలిపోయింది. గుర్తుపెట్టుకునేవాళ్ళు లేకపోవడానికి కారణాలన్నీ సరిగ్గా సమకూరాయి పాపం.

ఈలోగా బ్యాటరీలు బాగుపడ్డాయి. మన ఇంట్లో ఇన్వర్టరు కింద పెట్టుకుని నెలకోసారి డిస్టిల్డు వాటరు పోస్తామే, ఆ సీసపు బ్యాటరీని ప్లాంతే అనే ఫ్రెంచాయన 1859లో కనిపెట్టాడు. 1881లో ఫోర్ అనే ఇంకొకాయన దాన్ని పనికొచ్చేలా చేశాడు. ఇక జింకు తగలెయ్యక్కర్లేదు, నింపుకోవచ్చు. 1882లో లండన్ థేమ్స్ నదిలో 'ఎలక్ట్రిసిటీ' అనే పడవ తిరిగింది. 1886 సెప్టెంబరులో 'వోల్టా' అనే 37 అడుగుల పడవ డోవర్ నుంచి కాలే దాకా ఇంగ్లీషు చానలు దాటి, మళ్ళీ నింపకుండానే వెనక్కి వచ్చింది. దారిలో నీళ్ళమీద నిద్రపోతున్న పెద్ద సముద్రపక్షిని పడవలోవాళ్ళు వొంగి మెడ పట్టుకున్నారని ఆ ప్రయాణం గురించి కథ చెప్పుకుంటారు. పక్షి లేవలేదట, పడవ చప్పుడే లేకపోతే ఎలా లేస్తుంది!

తర్వాత పదేళ్ళూ థేమ్స్‌లో ఈ పడవలకి మంచిరోజులు. ఇమిష్ అనే గడియారాల పనివాడు (మళ్ళీ గడియారాలే చూడండి) నది పొడుగునా బ్యాటరీలు నింపే ఏర్పాట్లు చేసి పడవలు అద్దెకిచ్చేవాడు. 1888లో వచ్చిన 'వైకౌంటెస్ బరీ' అనే పడవలో ఎనభై మంది పట్టేవారు. ఆవిరిపడవలో సగం జాగా బాయిలరు, బొగ్గు తినేసేవి. తెల్లటి గౌను వేసుకుని ఎక్కిన అమ్మాయి దిగేసరికి నల్లపూసల కోటు వేసుకున్నట్టు దిగేది. కరెంటు పడవలో అదేం లేదు. మాట మాటకి వినపడుతుంది. కబుర్లు చెప్పుకోవచ్చు. నది మీద షికారు అంటే అసలు అందుకోసమే కదా.

1893లో చికాగో ప్రదర్శన. వివేకానందస్వామి సర్వమత సభలో మాట్లాడిన ఆ ఏడే, ఆ ఊరే. అక్కడ తవ్విన కాలువల్లో 55 కరెంటు పడవలు, వొక్కొక్కటి 36 అడుగులది, ఆరు నెలలపాటు తిరిగి పదిలక్షల పైన జనాన్ని మోశాయి. ఇంత పెద్ద ప్రచారం ఏ వస్తువుకి జరుగుతుంది చెప్పండి? ఇంక ప్రపంచంలో పడవలన్నీ కరెంటువే అనుకునివుంటారు ఆ రోజు.

అవలేదు. ఎందుకవలేదో చెప్పాలంటే ఐస్‌క్రీము కథ చెప్పాలి.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం. నార్వేనుంచి వలసవచ్చిన కుటుంబంలోని ఓలే ఎవిన్‌రూడ్ అనే మెకానిక్కు. బెస్ అని ఆయన ఇష్టపడ్డ అమ్మాయి. 1906 ప్రాంతంలో ఎండాకాలంలో ఒకాచీ అనే చెరువు మధ్య లంకకి నలుగురితో కలిసి వనభోజనానికి వెళ్ళారు. ఉక్కపోత. బెస్‌కి ఐస్‌క్రీము తినాలనిపించింది. ఓలే పడవెక్కి తెడ్డేసుకుంటూ రెండున్నర మైళ్ళు పోయి, కొని, మళ్ళీ రెండున్నర మైళ్ళు వచ్చేసరికి అది పాయసం అయింది. ఆ చిరాకులోంచి పడవ మోటారు పుట్టిందని కథ. కథలో ఎంత నిజమోగాని, 1907కల్లా ఆయన మోటారు తయారుచేసిన మాట నిజం. బెస్ దాన్ని చూసి కాఫీగింజలు పట్టే మరలా వుందంది. పెళ్ళాలు మొహమాటం లేకుండా చెబుతారు, అది ఎక్కడైనా అంతే.

మనవాళ్ళు ఈ ఐస్‌క్రీము కథ దగ్గరే ఆగిపోతారు. నాకు ఆ తర్వాతది ముఖ్యం అనిపిస్తుంది. లెక్కలు, ఉత్తరాలు అన్నీ బెస్ చూసేది. అరువు తీసుకెళ్ళిన స్నేహితుడొకడు పది మోటార్లకి డబ్బుతో సహా ఆర్డరు తెచ్చేదాకా ఓలేకి ఇది వ్యాపారమని తట్టనే లేదంటారు. తెడ్లు అవతల పారేసి మోటారు పెట్టుకోమని పిలిచే ప్రకటన రాసింది బెస్. పసివాణ్ణి పక్కన పెట్టుకుని రాసింది. 1909లో అమ్మకం మొదలు. వొకటిన్నర అశ్వబలం, బరువు 62 పౌన్లు, ఖరీదు 62 డాలర్లు. నార్వే, డెన్మార్కు బెస్తవాళ్ళ దాకా వెళ్ళాయవి. చాకిరీకి ఆవిడ ఆరోగ్యం దెబ్బతింటే, 1914 ప్రాంతంలో పేరుతో సహా కంపెనీ అమ్మేసి, అయిదేళ్ళు మళ్ళీ మోటార్ల జోలికి రామని కాగితం రాసిచ్చి, పెళ్ళాం బిడ్డలతో ఊళ్ళు తిరగడానికి వెళ్ళిపోయాడు ఓలే. గడువు తీరగానే అల్యూమినియంతో తేలికపాటి కొత్త మోటారు చేశాడు. సొంతపేరు సొంతానికి లేకుండా పోయింది కదా, అందుకని 'ఎవిన్‌రూడ్‌గారి తేలిక జంట అవుట్‌బోర్డు' అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి 'ఎల్టో' అని పేరు పెట్టింది బెస్. తర్వాత పాత కంపెనీనే వెనక్కి కలుపుకున్నారు. ఆవిడ 1933లో, ఆయన 1934లో పోయారు.

ఇంతకీ పెట్రోలు గెలవడానికి కారణం ఐస్‌క్రీమూ కాదు, ప్రకటనా కాదు. బరువు. ఈ లెక్క నాకు మా మరిది కాకినాడలో తన షెడ్డులో చెప్పాడు. పడవల మోటార్లు బాగుచేస్తాడాయన. నేను వెళ్ళిన రోజున బల్లమీద వొక పాత అవుట్‌బోర్డు తలా మొండెం వేరుచేసి పడివుంది.

"ఇదేమిటయ్యా, బాగుచేస్తున్నావా, పోస్టుమార్టం చేస్తున్నావా?" అన్నాను.

"తలకాయ చచ్చిపోయింది వదినగారూ. పిస్టను పట్టేసింది. ఉప్పునీళ్ళు తిరిగి లోపలంతా తినేశాయి. కాడా, పళ్ళచక్రాలూ మాత్రం రాయిలా వున్నాయి చూడండి. వీటికి కరెంటు తల పెడుతున్నా."

భీమవరం పక్క రొయ్యలచెరువు ఆసామి వొకాయన కోసమట. రొయ్యలకి రోజుకి నాలుగుసార్లు మేత చల్లాలి. కుర్రాడొకడు గడకర్రతో పడవ తోసుకుంటూ ఎండలో చెరువంతా తిరగాలి. పెట్రోలు మోటారు పెట్టాలంటే ఖర్చు మాట అటుంచి, పాతరకం టూస్ట్రోకు ఇంజనులో నూనె పెట్రోల్లోనే కలుపుతారు. అందులో నాలుగోవంతు దాకా కాలకుండా నీళ్ళలోకే పోతుంది. నూనె తెట్టు కట్టిన నీళ్ళలో రొయ్య బతకాలి, ఆ రొయ్య మీద అప్పు తీరాలి. ఆసామికి పట్టుకున్న భయం అది. గట్టుమీద ఏరేటర్ల కోసం కరెంటు ఎలాగూ వుంది కదా, బ్యాటరీ అక్కడే నింపుకోవచ్చని ఆయన ఆలోచన.

మా మరిది చేస్తున్నది చూస్తే వంటింటి పనిలా వుంది. చచ్చిన ఇంజను ఊడదీశాడు. కాడమీద మందపాటి అల్యూమినియం పలక బిగించాడు. పలకమీద ఈ-రిక్షా మోటారు తలకిందులుగా నిలబెట్టాడు. చిక్కల్లా మోటారు కడ్డీని కాడలోని కడ్డీకి కలపడంలో వుందట. కాడలో కడ్డీ కొనమీద సన్నటి గాడులుంటాయి. వాటికి సరిగ్గా సరిపోయే గిన్నె ఎక్కడ దొరుకుతుంది? చచ్చిన ఇంజను క్రాంకు షాఫ్టు అడుగుకొనలోనే. ఆ ముక్క కోసి, లేతులో చెక్కి, మోటారుకి తొడిగాడు. అంటే చచ్చినదాని చెయ్యి తీసి బతికినదానికి అతికాడన్నమాట. ఇంజనుని చల్లబరచడానికి నీళ్ళు తోడే రబ్బరు పంకా కాడలో వుంటుంది. ఈ మోటారుకి ఆ చల్లదనం గాలితోనే సరి, కాబట్టి దాన్ని తీసేశాడు. వెనక్కి నడిపే గేరు కూడా అక్కర్లేదు. కరెంటు మోటారుకి మీట మారిస్తే వెనక్కి తిరుగుతుంది.

"అంతేనా?" అన్నాను.

"పడవలో కరెంటు వదినగారూ, అంతే అనుకోకూడదు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు వుండాలి. సీసపు బ్యాటరీ నింపేటప్పుడు హైడ్రోజను వాయువు వస్తుంది. మూసిన పెట్టెలో పెట్టి పక్కన బీడీ ముట్టించాడంటే పెట్టె ఎగిరిపోతుంది. గాలాడే పెట్టె, తడి తగలని చోటు. నేను మోటారుకి రెండురోజులు పెడితే, ఈ పెట్టెకి నాలుగు రోజులు పెడతాను."

ఈ-రిక్షా మోటారు వొక కిలోవాటు వుంటుంది. మన వంటింట్లో పెద్దరకం మిక్సీ 750 వాట్లు - అంటే అటూ ఇటుగా వొక అశ్వబలం. నిజమండీ, రోజూ ఇడ్లీపిండి రుబ్బేది గుర్రమే. ఆ లెక్కన మిక్సీన్నరకి కాస్త తక్కువ ఈ పడవ మోటారు. ఓలేగారి మొట్టమొదటి మోటారు మిక్సీన్నర.

ఇక బరువు లెక్క. మన ఇన్వర్టరు బ్యాటరీలాంటివి, పన్నెండు వోల్టులవి, నూరు ఆంపియర్-గంటలవి నాలుగు కావాలి. వొక్కొక్కటి ముప్పై కిలోల దాకా తూగుతుంది. నాలుగూ కలిపి 120 కిలోలు. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీచేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి, వాడుకోదగ్గది సగమే. ఆ సగం చేసే పని, చిన్న అవుట్‌బోర్డు లీటరున్నర పెట్రోలుతో చేసే పనికి సమానం. 120 కిలోల సీసం వొక పక్క, రెండు మంచినీళ్ళ సీసాలకి సరిపడని పెట్రోలు ఇంకో పక్క. అదీ ఇంజను పెట్రోల్లో అయిదింట నాలుగువంతులు వేడికీ పొగకీ తగలేసుకున్నాక మిగిలినదానితో. ఈ త్రాసు చూశాక 1909లో జనం ఎటు మొగ్గారో ఆశ్చర్యపడక్కర్లేదు. సముద్రం మీదకి వెళ్ళే బెస్తవాడు రేవు కనపడనంత దూరం పోయి, వలనిండా చేపలతో తిరిగిరావాలి. వాడికి ఈ రోజుకీ పెట్రోలే దిక్కు. కరెంటు పెట్టుకోమని వాడికి ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు వొకసారి వాడి పడవెక్కి రావాలి.

మరి చెరువులో ఎలా సరిపోతుందంటే, దానికి ఇంకో లెక్క వుంది. నీళ్ళని కోసుకుంటూ పోయే బరువైన పడవకి వేగం రెట్టింపు కావాలంటే బలం రెట్టింపు చాలదు, దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. తిరగేసి చూడండి. సగం వేగంతో పోతానంటే ఎనిమిదోవంతు బలంతో సరిపోతుంది. రెట్టింపు సేపు పడుతుంది నిజమే, అయినా అదే దూరానికి నాలుగోవంతు కరెంటే ఖర్చు. మేత చల్లే పడవ నెమ్మదిగానే పోవాలి. లేకపోతే మేత వొకచోట గుట్ట, వొకచోట ఖాళీ. నిదానస్తుడికి కరెంటు, తొందరగాడికి పెట్రోలు - ఇదీ ప్రకృతి పెట్టిన ఏర్పాటు.

ఇలా వొకదాని ముక్క ఇంకొకదానికి తగిలించడం మా మరిది కనిపెట్టింది కాదు. అమెరికాలో ఫార్గో అనే ఊళ్ళో 1934లో ష్మిట్ అనే ఆయన, ఫోర్డు మోడల్-ఏ కారులో స్టార్టరు మోటారు తీసి, దానికి వొంగే కడ్డీ, రెక్కలు తగిలించి, చేపలు బెదరకుండా నెమ్మదిగా పోయే మోటారు చేశాడు. మిన్నెసోటా, డకోటా రాష్ట్రాల సరిహద్దు కాబట్టి 'మిన్ కోటా' అని పేరు పెట్టాడు. పెట్రోలు రాజ్యమేలిన రోజుల్లో కరెంటు మోటారుని బతికించింది గాలం వేసేవాళ్ళే. పెద్దకోడలు మూలగదిలో వత్తులు చేసుకుంటూ కాలక్షేపం చేసినట్టు, ఆ చెరువుల్లో అది కాలక్షేపం చేసింది.

ఇంకోచోట మాత్రం దాన్ని మొదటినుంచీ మహారాణిలా చూసుకున్నారు. జర్మనీలో కొండల మధ్య కోనిగ్‌సీ అనే చెరువుంది. అక్కడ యాత్రికుల పడవలు 1909 నుంచీ కరెంటువే - ఓలే అమ్మకం మొదలుపెట్టిన ఆ ఏడాదినుంచే. చెరువు మధ్యకి వెళ్ళాక పడవవాడు బాకా ఊదితే ఎదురు కొండ తిరిగి పలుకుతుంది. నూరేళ్ళ పైగా జనం టిక్కెట్టు కొనుక్కుని వింటున్నారు. పెట్రోలు ఇంజనులు పెట్టివుంటే కొండ ఏం పలికేదో మీరే ఊహించుకోండి.

లిథియం బ్యాటరీలు వచ్చాక త్రాసు కాస్త ఇటు వొరిగింది. మా మరిది 120 కిలోల సీసం పెట్టిన చోట యాభై కిలోల లోపు లిథియం పెడితే, వాడుకోవడానికి అంతకన్నా ఎక్కువే వస్తుంది. ఖరీదు మాత్రం మొదట్లో గుండె గుభేలుమంటుంది. మన పక్క రాష్ట్రాల్లో ముందడుగు కేరళది. వైకోమ్ దగ్గర వేంబనాడు కాయలు మీద 2017 జనవరిలో 'ఆదిత్య' అనే 75 మంది పట్టే రేవుపడవ మొదలైంది. కప్పుమీద సూర్యఫలకాలు, అడుగున లిథియం బ్యాటరీలు. కొచ్చిలో 2023 ఏప్రిల్లో ఏకంగా ఊరి బస్సుల్లా కరెంటు పడవలు నడపడం మొదలుపెట్టారు. అవి కొత్తగా కట్టిన పడవలు. పాతదాని తల మార్చే మా మరిదిలాంటివాళ్ళ దారి వేరు. డబ్బు తక్కువున్నవాళ్ళకి ఆ దారే.

రొయ్యలచెరువు పడవ నీళ్ళలో దిగిన రోజు నేను లేను. నడిచిందని ఫోను చేశాడు. మేత చల్లే కుర్రాడు మొదటి రోజున మోటారు తిరుగుతోందో లేదో తెలియక రెక్కల దగ్గర చెయ్యి పెట్టబోయాడట. చప్పుడు లేకపోవడంలో ఈ వొక్క ప్రమాదం వుంది. మర్నాడే రెక్కల చుట్టూ ఇనపకమ్మీల వల బిగించి, మీట పక్కన ఎర్రదీపం పెట్టాడు. ఆసామి ఇంకో పడవకి కూడా చెయ్యమన్నాడట, దానికి పాత మోటారు వెతుక్కోవాలి.

ఎవిన్‌రూడ్ పేరుతో అవుట్‌బోర్డుల తయారీ 2020లో ఆగిపోయింది. పాతవి మాత్రం చెరువుగట్ల మీదా షెడ్డుల్లోనూ ఇంకా వేలాడుతూనే వున్నాయి. తలలు పాడైనా కాడలు చెడని మోటార్లు. బెస్‌గారికి కాఫీమరలా కనపడిన ఆ తలకాయని విప్పి పక్కన పెట్టి, ఆ కాడమీదే త్రూవేగారి మోటారు వంశంలోదాన్ని బిగిస్తున్నారు ఇప్పుడు.